‘ఇంక చాలు’ అని ఎవరు చెప్పాలి?

(తిరుపతిలో ఒక మహిళా సంఘం ఆదివారం సమావేశంలో రిటైరైన స్టాఫ్ నర్సు ఒకరు మాట్లాడిన మాటలు. ఫోన్ రికార్డింగు విని రాసుకున్నది. మధ్యలో కరెంటు పోయి గోల గోల అయిన ఐదు నిమిషాలు వదిలేశాం.)

అందరికీ నమస్కారం. మైకు వద్దులేమ్మా, లేబర్ వార్డులో ముప్పై ఏళ్లు అరిచిన గొంతు నాది, వెనక కుర్చీల దాకా వినిపిస్తుంది. నన్ను పిలిచినప్పుడు ‘టెస్ట్‌ట్యూబ్ బేబీల గురించి రెండు ముక్కలు చెప్పండి మేడం’ అన్నారు. రెండు ముక్కల్లో అయ్యేది కాదు గానీ చూద్దాం. నేను డాక్టరుని కాదు, అది ముందే చెప్తున్నా. గవర్నమెంటు ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాక, ఊరికే ఇంట్లో కూర్చోలేక ఒక ప్రైవేటు ఫర్టిలిటీ సెంటర్లో నాలుగేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశా. ఆ సెంటరు పేరు అడగొద్దు, ఏ ఊరో కూడా చెప్పను. ఈ రోజుల్లో బోసినవ్వు నవ్వే పాప ఫోటో పెట్టిన బోర్డు లేని రోడ్డు ఏ టౌన్లోనూ లేదు కాబట్టి, ఏదో ఒకటి అనుకోండి.

ముందు నేనొకటి అడుగుతా. పెళ్లయిన ఆర్నెల్లలోపల ‘ఏమన్నా విశేషమా?’ అని ఎవరితోనూ అడిగించుకోని వాళ్లు ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి. (ఒక్క చెయ్యీ లేవలేదు.) సరే. అదే మాట మీ ఆయన్ని ఎవరన్నా అడిగారా? (నవ్వులు) నవ్వుతున్నారు కదా, నేను చెప్పాలనుకున్నదాంట్లో సగం ఆ నవ్వులోనే ఉంది.

మాది చిత్తూరు దగ్గర పల్లె. మా వైపు ఎండాకాలం వస్తే భారతం జరుగుతుంది, మీలో చాలామందికి తెలిసిందే, పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, పద్దెనిమిది ఇరవై రోజులు ఊరు ఊరంతా ద్రౌపదమ్మ గుడి దగ్గరే. అందులో అర్జునుడి తపస్సు రోజు పెద్ద మాను నాటుతారు. అర్జునుడి వేషం కట్టినాయన పద్యాలు పాడుకుంటూ పైకెక్కి, అక్కడినుంచి నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. కింద మాను చుట్టూ పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో బోర్లా పడుకుని ఉంటారు. దాన్ని వరపడటం అంటారు. నాకు పదేళ్లప్పుడు మా పిన్ని వరపడింది. నన్ను పొడిచీర చేతికిచ్చి పక్కన నిలబెట్టారు, అయిపోయాక మార్చుకోవాలి కదా అని. తలమీద నుంచి రెండు బిందెలు గుమ్మరించుకుని పసుపుచీరతో అట్లాగే దుమ్ములో పడుకుంది. ఎండకి ఆ చీర మీద మట్టి అట్టలా కట్టుకుపోయింది. రెండు చేతులూ ముందుకి చాచి పెట్టింది, వేళ్ల సందుల్లో చీమలు తిరుగుతున్నా కదల్లేదు. ఆయన విసిరిన నిమ్మకాయ పక్కావిడ వీపు మీద పడి మా పిన్ని మోచేతి దాకా దొర్లి ఆగింది. అది ఎవరి కాయ అని ఇద్దరి అత్తగార్లూ పోట్లాడుకున్నారు.

మా చిన్నాయన ఆ టైముకి బొరుగుల అంగడి దగ్గర కూర్చుని బీడీ తాగుతున్నాడు. చెడ్డవాడేం కాదు, మంచివాడే. ఆయన్ని పడుకోమని ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ మాను కింద ఇరవై ముప్పై మంది ఆడవాళ్లుంటే మగవాడు ఒక్కడు లేడు, పైకెక్కినాయన తప్ప. తర్వాత నాలుగేళ్లకి చిన్నాయనకి రెండో పెళ్లి చేశారు, ఆ వచ్చినావిడ కూడా రెండేళ్లు వరపడింది. మూడో ఏడు ఊళ్లో వాళ్లకి విషయం అర్థమైంది గానీ నోరు తెరిచి ఒక్కరూ అనలేదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, సెంటర్లో చేరిన మొదటి వారంలోనే నాకు ఆ మాను గుర్తొచ్చింది.

ఐవీఎఫ్, అంటే ఈ టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి, అనగానే గాజు గొట్టంలో బిడ్డ అనే బొమ్మ కళ్లముందుకొస్తుంది. నిజానికి ల్యాబులో జరిగేది, గుడ్డునీ వీర్యకణాన్నీ కలిపి పిండం చేసేది, మూడు నుంచి ఐదు రోజుల పని. మిగతాదంతా జరిగేది ఆడమనిషి ఒంట్లో. నెలసరి రెండో రోజు స్కాను, అప్పటినుంచి పొట్ట మీద సూదులు, రోజూ, పది పన్నెండు రోజులు. మామూలుగా నెలకి ఒక్క గుడ్డు పండే చోట పదో పన్నెండో పండించాలని. రెండ్రోజులకోసారి లోపలినుంచి స్కాను, రక్తపరీక్షలు. గుడ్లు పెరిగాక వాటిని పూర్తిగా పండించే ట్రిగ్గర్ ఇంజక్షన్, దానికి గడియారం ముందు కూర్చోవాలి, రాత్రి పదకొండున్నర అంటే పదకొండున్నరే, ఎందుకంటే అక్కడినుంచి 34 నుంచి 36 గంటల్లో మత్తిచ్చి గుడ్లు బయటికి తీస్తారు. పిండం లోపల పెట్టాక అది నిలబడటానికి ప్రొజెస్టరాన్ అనే హార్మోను. అది నూనెలాంటి మందు, చాలామందికి సూదిగా ఇస్తారు, పిరుదుల్లో గడ్డలు కట్టి ఆ పిల్లలు కూర్చోలేక ఒక పక్కకి ఒరిగి కూర్చునేవాళ్లు. వెయిటింగ్ హాల్లో ఎవరు ఏ స్టేజీలో ఉన్నారో కూర్చున్న తీరు చూసి చెప్పేదాన్ని. రెండు వారాలకి గర్భం నిలిచిందో లేదో చూసే బీటా అని రక్తపరీక్ష. ఆ రెండు వారాలూ మెట్లెక్కాలన్నా భయం, దగ్గాలన్నా భయం, నిజానికి మెట్లెక్కితే పిండం జారిపోదు, ఎన్నిసార్లు చెప్పినా నమ్మేవాళ్లు కాదు.

ఒకమ్మాయి సూదిమందులు ఎక్కడ పెట్టుకుంటుందో తెలుసా? ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఊళ్లో కూల్‌డ్రింక్ అంగడి ఫ్రిజ్‌లో, సీసాల వెనక, పెరుగు డబ్బాలో పెట్టి దాచుకుంది. రోజూ సాయంత్రం అక్కడికి పోయి డబ్బా అడగాలి. వారం తిరక్కుండా ఊరందరికీ తెలిసిపోయింది.

ఇంకొక జంట, పుత్తూరు వైపు, మరమగ్గాల పని వాళ్లది. పెళ్లయి ఏడేళ్లు. ఆ అమ్మాయికి అప్పటికే ట్యూబుల ఎక్స్‌రే తీశారు, పొట్టకి చిన్న కోత పెట్టి కెమెరాతో లోపల చూసే లాప్రోస్కోపీ చేశారు, ఎన్ని గుళ్లు తిరిగిందో లెక్క లేదు. మా దగ్గరికొచ్చాక మొదటిసారి ఆయనకి వీర్యపరీక్ష చేశారు. ఏడేళ్లలో మొదటిసారి! కొన్ని వందల రూపాయల పరీక్ష అది, కోత లేదు, నొప్పి లేదు, అరపూట పని. వీర్యకణాల కౌంటు దాదాపు లేనట్టే. ఇట్లాంటివాళ్ల కోసమే 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రసెల్స్‌లో ఇక్సీ అనే పద్ధతి కనిపెట్టారు, ఒకే ఒక్క వీర్యకణాన్ని సన్నటి గాజు సూదిలోకి తీసుకుని నేరుగా గుడ్డులోకి ఎక్కిస్తారు. చాలా గొప్ప పని, కాదనను, అంతకుముందు అట్లాంటి మగవాళ్లకి సొంత బిడ్డ అనే ఆశే లేదు. అయితే ఆ ఒక్క కణానికి గుడ్లు కావాలి కదా, కాబట్టి ఏ జబ్బూ లేని ఆ అమ్మాయికి పన్నెండు రోజుల సూదులు, మత్తు, మిగతాదంతా మామూలే. ఆయన నన్ను పక్కకి పిలిచి, చేతులు పట్టుకుని, ‘మేడం, మా అమ్మకి మాత్రం నాకని చెప్పొద్దండి’ అన్నాడు. నేను చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఆ అమ్మాయీ చెప్పలేదు. బయట కారిడార్లో వాళ్లత్త పక్కావిడతో ‘మా కోడలికి గర్భసంచి వీకంట’ అంటోంది. ఆ అమ్మాయి వింటూ అట్లాగే నిలబడింది.

పిల్లలు పుట్టకపోవడానికి కారణం సగం జంటల్లో మగవాళ్లలోనే, లేదా మగవాళ్లలో కూడా ఉంటుందని డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదురవుతుంది. అంటే ఈ హాల్లోనే పది పదిహేను మందన్నమాట. కానీ గొడ్రాలు అనే మాట ఊరందరి నోట్లో నానుతుంది, గొడ్డుపోయిన మగవాడికి ఏమంటారో టక్కున చెప్పమంటే మీరూ తడుముకుంటారు.

చరిత్రలోకి కొంచెం పోతా, బోర్ కొడితే చెప్పండి. మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ 1978 జులై 25న ఇంగ్లండులో ఓల్డమ్‌లో పుట్టింది. దాన్ని సాధించిన శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్, డాక్టర్ స్టెప్టో, ఈ రెండు పేర్లు అందరికీ తెలుసు, ఎడ్వర్డ్స్‌కి 2010లో నోబెల్ వచ్చింది. మూడో మనిషి జీన్ పర్డీ, నర్సు. ల్యాబు నడిపింది ఆవిడే. ఆస్పత్రి దగ్గర శిలాఫలకం పెట్టేటప్పుడు ఆమె పేరు కూడా వెయ్యాలని ఎడ్వర్డ్స్ ఉత్తరాలు రాసినా వెయ్యలేదు. నర్సుని కాబట్టి ఇది నాకు కొంచెం గట్టిగానే తగులుతుంది, ఏమనుకోకండి. ఇంకా ముఖ్యమైన సంగతి, లూయీస్ పుట్టేదాకా పదేళ్లపాటు ఆ ప్రయోగాలకి ఒళ్లిచ్చిన ఆడవాళ్లు 280 మందికి పైగా. వాళ్లందరిలో బిడ్డని ఇంటికి తీసుకుపోయింది ఇద్దరు. మిగతావాళ్లు ఎవరు, ఏమయ్యారు, మనకి ఒక్క పేరన్నా తెలుసా?

మన దేశంలోనూ అదే ఏడాది, రెండు నెలల తేడాతో, అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేతిమీదుగా ఒక పాప పుట్టింది, దుర్గ అని పిలిచారు. ప్రభుత్వ కమిటీ అదంతా బూటకమని తేల్చింది, ఆయన్ని సంబంధం లేని శాఖకి బదిలీ చేశారు, 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ కథ తెలుసు. నేను ఆలోచించేది ఆ తల్లి గురించి. లోకం ఏమంటుందోనని ఆ కుటుంబం ముందుకి రాలేదు. అంటే మొదటి రోజునుంచే ఇది దాచుకోవాల్సిన పురుడు.

ఇంకోటి కూడా చెప్తా, ఇది వింటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. గుడ్లు పెంచే సూదిమందు మొదట దేన్నించి తీశారో తెలుసా? ముట్లుడిగిన ఆడవాళ్ల మూత్రంలో ఆ హార్మోను ఎక్కువగా ఉంటుంది. 1950ల చివర్లో ఇటలీలో దాన్ని పెద్ద ఎత్తున సేకరించడానికి కాన్వెంట్లకి పోయారు. పెళ్లీ పిల్లలూ వద్దనుకుని దేవుడికి ఇచ్చుకున్న ముసలి నన్స్ దగ్గర సేకరించిన మూత్రం నుంచి మందు తీస్తే, ఆ మందుతో 1962లో ఇజ్రాయెల్‌లో మొదటి బిడ్డ పుట్టింది. (నవ్వులు) నవ్వొచ్చే సంగతే. ఆ సూది వేసేటప్పుడల్లా నాకు ఆ ముసలమ్మలు గుర్తొచ్చేవాళ్లు.

మన రాష్ట్రం సంగతి కూడా ఒకటి అనుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లల్లేకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క అది. మగవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, అయిపోయింది. నేనే ఎన్ని క్యాంపుల్లో ట్రేలు పట్టుకుని నిలబడ్డానో. వాళ్లలో కొందరు పదేళ్ల తర్వాత మా సెంటరుకొచ్చారు. ఒకావిడ కొడుకు బైకు యాక్సిడెంట్లో పోయాడు, ఇంకొకావిడకి రెండో పెళ్లి, ఆయనకి ‘తన బిడ్డ’ కావాలి. పిల్లలు ఆపాలన్నా కోత ఆమెకే, మళ్లీ కావాలన్నా సూది ఆమెకే. నేను రెండు చోట్లా జీతం తీసుకున్నదాన్ని.

నేనేదో దీనికి వ్యతిరేకం అనుకోకండి. ఐవీఎఫ్ పుట్టిందే ట్యూబులు మూసుకుపోయినవాళ్ల కోసం, లూయీస్ తల్లికీ అదే ఇబ్బంది. మన దేశంలో టీబీ క్రిములు ఊపిరితిత్తుల్లోనే ఉండిపోవు, గర్భసంచికి, ట్యూబులకి కూడా పోతాయి, దగ్గు కూడా రాకుండా లోపల్లోపల ట్యూబులు పాడుచేస్తాయి. అట్లాంటి అమ్మాయి ఒకామె, అంగన్‌వాడీలో ఆయా, ఊళ్లో పిల్లలందరికీ అన్నం కలిపి తినిపించే మనిషి, రెండోసారికి పాజిటివ్ వచ్చింది. రిపోర్టు చేతిలో పెట్టుకుని నా టేబులు ముందు కూర్చుని, ఏడవకుండా నవ్వకుండా, ‘ఒకసారి మళ్లీ చదవండి మేడం’ అని మూడుసార్లు చదివించుకుంది. ఆ రోజు నా ఉద్యోగం మీద నాకు చాలా గౌరవం కలిగింది.

మరి నా బాధేంటి? మా అమ్మమ్మల కాలంలో ఎన్ని మొక్కులు మొక్కినా ఒక వయసొచ్చాక ‘దేవుడియ్యలేదు’ అనే మాట ఒకటుండేది. ఆ మాట వెనక బోలెడంత ఏడుపుంది, నిజమే. అయినా ఆ మాట అనేస్తే అక్కడికి అయిపోయేది, ఆడమనిషి లేచి చీర దులుపుకుని తన పని తను చూసుకునేది. ఇప్పుడు ఆ మాట పోయింది. ఇప్పుడు దేవుడియ్యకపోతే డాక్టరు ఇస్తాడు, మీరు గట్టిగా ప్రయత్నం చెయ్యలేదు అంటారు. ఒక సైకిల్, అంటే సూదుల నుంచి బీటా దాకా ఒక విడత, నిలబడలేదా, ఇంకో సైకిల్. గుడ్లు బాలేవా, డోనర్ గుడ్లు, అంటే వేరే ఆవిడ ఇచ్చినవి. గర్భసంచి సరిలేదా, సరొగసీ, అంటే బిడ్డని వేరే ఆవిడ మోసిపెట్టడం. ప్రతి తలుపు వెనకా ఇంకో తలుపుంది. వద్దనుకుని ఆగిన ఆడదాన్ని ఇదివరకు అయ్యో అనేవాళ్లు, ఇప్పుడు తప్పుపడుతున్నారు.

ఒకమ్మాయి, ముప్పై ఆరేళ్లు, స్కూల్లో టీచరు. నాలుగు సైకిళ్లు. ఒక్కోదానికి లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు, మందుల్ని బట్టి. మొదటిది పెళ్లికి పెట్టిన బంగారం, రెండోది ఆయన పీఎఫ్, మూడోదానికి వాళ్ల నాయన మామిడితోట తాకట్టు. నాలుగోసారి పొట్టలో నీరు చేరి, ఊపిరాడక, నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. గుడ్లు ఎక్కువ పండించినప్పుడు కొందరికి అట్లా అవుతుంది. అది తగ్గాక నా రూముకొచ్చి తలుపు వేసుకుని ఒక్కటే అడిగింది. ‘మేడం, ఇంక వద్దు అని మీరు చెప్పండి. నేను చెప్తే మా ఇంట్లో ఒప్పుకోరు. డాక్టరు వద్దన్నారంటే ఊరుకుంటారు.’

చూడండి, ఆమెకి బిడ్డ కావాలి, అందులో అబద్ధం లేదు. కానీ ఆగడానికి మాత్రం ఒకరి పర్మిషన్ కావాలి. మాను కింద పడుకున్నవాళ్లు కూడా అంతే, పైనుంచి ఏదన్నా పడేదాకా లేవకూడదు.

నేనేం చేశానో కూడా చెప్పాలి కదా. మాకు నెలకి ఇన్ని ప్యాకేజీలు అని లెక్కుండేది. నాలుగోసారి కూడా నిలబడనివాళ్లకి ఐదోదానికి డిస్కౌంటు ఇవ్వమని అంతకుముందే చెప్పి ఉన్నారు. నేను ఆ అమ్మాయికి ‘వద్దు’ అని చెప్పలేదు. ‘రెండు నెలలు రెస్ట్ తీసుకో తల్లీ, తర్వాత చూద్దాం, ఈసారి తగ్గించి చెప్తాం’ అన్నా. ఆమె ముఖం చూసి కూడా అన్నా. ఆమె లేచి, బాగు భుజానికేసుకుని, ‘సరే మేడం’ అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆగిపోయిందో, ఇంకో సెంటరుకి తీసుకుపోయారో. ఆ తర్వాత మూడు నెలలకి నేను మానేశా. ఇదేదో గొప్పకి చెప్పడం లేదు, మూడు నెలలు జీతం తీసుకునే మానేశా.

మా భారతంలో గాంధారి కథ చెప్పేటప్పుడు హరిదాసు బాగా ఏడిపించేవాడు. రెండేళ్లు మోసినా కాన్పు కాలేదు, అంతలో తోడికోడలు కుంతి కొడుకుని కన్నదని కబురొచ్చింది, ఆ మాట వినగానే గాంధారి తన పొట్ట తనే బాదుకుంది. తర్వాత వ్యాసుడొచ్చి ముక్కల్ని నేతికుండల్లో పెట్టాడు. సెంటర్ల ఓపెనింగుల్లో పెద్దలు ఆ కుండల గురించే చెప్తారు, మన పూర్వీకులకి అప్పుడే ఐవీఎఫ్ తెలుసని. అందరికీ కుండలు గుర్తుంటాయి. నాకు మాత్రం తోడికోడలి కబురు విని పొట్ట బాదుకోవడమే గుర్తుంటుంది, ఎందుకంటే దాన్ని నేను కళ్లారా చూశా, వాట్సాప్‌లో ఆడబిడ్డ సీమంతం ఫోటో వచ్చిన రోజు, మా సెంటరు బాత్రూమ్‌లో.

ఇంక డోనర్ల సంగతి. గుడ్డు ఒకరిది, మోసేది ఒకరు అయినప్పుడు తల్లి ఎవరని పెద్ద పెద్ద చర్చలు జరుగుతాయి. నేను చూసిన చర్చ నలుగుపిండి దగ్గర జరిగింది. డోనర్ గుడ్డుతో కన్న ఒకమ్మాయి, భార్యాభర్తలిద్దరికి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు, నాతో ఫోన్లో చెప్పింది. వాళ్లత్త పాపని కాళ్లమీద పడుకోబెట్టుకుని నూనె రాస్తూ, ముక్కు సాగదీస్తూ, ‘ఈ ముక్కు ఎవురిదమ్మా, మావోళ్లది కాదే, మీ వాళ్లదీ కాదే’ అని రోజూ అంటుందంట. ఊరికే అంటుంది, ఏ ముసలామె అయినా అంటుంది. ఈ పిల్లకి మాత్రం గుండె జారిపోతుంది. తొమ్మిది నెలలు మోసి, కోత కోయించుకుని, చీలిన చనుమొనలతో పాలిస్తూ కూడా, తను ఇంకా ఏదో దొంగిలించినట్టు ఫీలవుతుంది. చట్టం ప్రకారం ఆ పాప వాళ్ల సొంతబిడ్డే, అన్ని హక్కులూ ఉంటాయి, ఇచ్చినావిడకి ఏ హక్కూ ఉండదు. ముక్కు గురించి చట్టంలో ఏమీ లేదు.

ఇచ్చే ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. 2021లో రెండు చట్టాలు చేశారు, ఒకటి ఈ చికిత్సలకి, ఒకటి సరొగసీకి, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. గుడ్లు ఇచ్చేవాళ్లకి 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు గుడ్లకి మించి తీయకూడదు. బాగుంది. అదే 2022లో, మనకి ఎంతో దూరం లేని ఈరోడ్‌లో, పదహారేళ్ల పిల్ల చేత ఆధార్‌లో వయసు మార్చి మళ్లీ మళ్లీ గుడ్లు అమ్మించారని బయటపడింది. అరెస్టయినవాళ్లలో కన్నతల్లి ఉంది. తమిళనాడు ప్రభుత్వం విచారణ చేసి చెప్పిన ఆస్పత్రుల్లో మన తిరుపతిలోది కూడా ఒకటుంది. అప్పుడు మన ఊళ్లో నాలుగు రోజులు మాట్లాడుకున్నాం, తర్వాత బ్రహ్మోత్సవాలొచ్చాయి.

సరొగసీ సంగతి. 2008లో గుజరాత్‌లోని ఆనంద్‌లో జపాన్ దంపతుల కోసం ఒకావిడ పాపని మోసింది. పాప పుట్టేలోపల వాళ్లిద్దరూ విడాకులు తీసుకున్నారు. గుడ్డు ఇచ్చిందొకరు, మోసింది ఒకరు, కావాలన్నది ఒకరు, ముగ్గురు ఆడవాళ్లుండి కూడా ఆ పాప కాగితాల్లో రాయడానికి తల్లి లేదు. జపాన్ నుంచి నాయనమ్మ వచ్చి చూసుకుంది. అట్లాంటివన్నీ చూసి ఇప్పుడు డబ్బు తీసుకుని మొయ్యడం నిషేధించారు. మోసేవాళ్లకి ఇదివరకే పెళ్లయి ఒక బిడ్డ ఉండాలి, వయసు 25 నుంచి 35, అది కూడా ఒక్కసారే. డాక్టరుకి ఫీజుంది, ల్యాబుకుంది, లాయరుకుంది, ఇన్సూరెన్స్ కంపెనీకుంది, మోసిన మనిషి మాత్రం ప్రేమకొద్దీ చెయ్యాలి. అంటే ఇంట్లో వదినో, చెల్లెలో, బీద బంధువో. మన ఇళ్లల్లో చెల్లెలు ‘వద్దు’ అనగలదా? నాకు తెలిసి బ్రోకరుకి వద్దని చెప్పడం కన్నా అక్కకి వద్దని చెప్పడం కష్టం.

బిడ్డ కావాల్సినవాళ్లకి కూడా షరతులున్నాయి. ఒంటరి ఆడవాళ్లయితే భర్త పోయినావిడో విడాకులైనావిడో అయ్యుండాలి, 35 నుంచి 45 మధ్య. పెళ్లే చేసుకోనామెకి సరొగసీ లేదు. తల్లి కావాలంటే ముందు ఒక తాళి పడి ఉండాలన్నమాట, తర్వాత తెగినా పర్వాలేదు. (నవ్వులు) చట్టం వచ్చాక మోసాలు ఆగాయా అంటే, 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక కేసు పేపర్లో చదివే ఉంటారు. సరొగసీ బిడ్డ అని చెప్పి దాదాపు 35 లక్షలు తీసుకుని ఒక పసివాణ్ని చేతిలో పెట్టారు, డీఎన్ఏ పరీక్షలో ఇద్దరిలో ఎవరితోనూ కలవలేదు. బీదవాళ్ల దగ్గర కొన్న బిడ్డ అని పోలీసులు చెప్పారు.

వయసు గురించి కూడా ఒక మాట. 2019లో గుంటూరులో 74 ఏళ్ల ఆవిడ కవల ఆడపిల్లల్ని కన్నది, టీవీలన్నీ చూపించాయి. ఇప్పుడైతే చట్టం ఆడవాళ్లకి 50, మగవాళ్లకి 55 దాటితే ఒప్పుకోదు. అందరూ ఆవిడ్ని తిట్టారు, ఈ వయసులో ఏం పోయేకాలం అని. యాభై ఏడేళ్ల కాపురంలో ఆవిడ్ని ఎన్ని పేరంటాలకి పిలవకుండా వదిలేశారో, ఎన్ని సీమంతాల్లో వెనక వరసలో నిలబెట్టారో, తిట్టినవాళ్లలో ఎవరూ లెక్క చూడలేదు.

టైమైపోయిందని చూపిస్తున్నారు. గుడ్లు ఫ్రీజింగ్, అంటే తర్వాత కోసం గుడ్లు తీసి గడ్డకట్టించి దాచుకోవడం, దాని గురించి అడుగుతామన్నారు, బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు చేయించుకుంటున్నారు, ఒక్క ముక్కలో చెప్పాలంటే అది బీమా లాంటిది కాదు, లాటరీ టికెట్టుకి కొంచెం ఎక్కువ, అంతే. మీ ఇంట్లో ఎవరన్నా సెంటరుకి పోయేట్టుంటే మాత్రం ఇవి చూసుకోండి. మొదట మగవాడి పరీక్ష చేయించండి, ఆడపిల్లకి ఏ సూదీ పడకముందే. సెంటరుకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, గోడకి తగిలించి ఉండాలి. సక్సెస్ 80 శాతం అంటే ‘పాజిటివ్ వచ్చినవాళ్లా, బిడ్డతో ఇంటికి పోయినవాళ్లా’ అని అడగండి, రెండూ వేరు. ముప్పై అయిదేళ్లలోపల వాళ్లకే మంచి చోట కూడా ఒక్కో ప్రయత్నానికి మూడింట ఒక వంతు, అటూ ఇటూ. నలభై దాటాక సొంత గుడ్లతో బాగా పడిపోతుంది. ఇంకోటి, మొదటి సూది పడకముందే, ఎన్నిసార్లు చేసి ఆపుదాం అనేది భార్యాభర్తలు కూర్చుని ఒక కాగితం మీద అంకె రాసుకోండి. ఆమె చేత్తో రాయించండి.

మా పిన్ని ఇప్పుడూ ఉంది. ఎనభై దాటాయి. చిన్నాయన పోయాక ఆవిడా, ఆ రెండో ఆవిడా ఒకే ఇంట్లో ఉంటారు, ఇద్దరికీ రెండు ఆవులు. పోయిన సంక్రాంతికి పోయినప్పుడు అడిగా, ‘పిన్నీ, ఆ పొద్దు ఎండలో అంతసేపు ఎట్లా పడుకున్నావు, లేచి వచ్చేయాలని అనిపించలేదా’ అని. పాలగిన్నె కడుగుతూ చెప్పింది, ‘అనిపించింది మే. ఒక గంటకే అనిపించింది. లేస్తే అందరూ నన్నే చూస్తారు కదా అని పడుకున్నా. నువ్వు చీర పట్టుకుని ఆడే నిలబడి ఉంటివి, నువ్వన్నా రా అని పిలుస్తావేమో అని చూస్తి. నువ్వు నిమ్మకాయలు చూస్తా ఉంటివి.’

టీ వచ్చింది. అడగాల్సినవి ఉంటే చీటీ మీద రాసి పంపండి, పేరు రాయొద్దు.